ఫాగ్ లైట్లకు స్విచ్చు ఎక్కడ పెట్టాలి, కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి ఉలవపాడు నుంచి సముద్రం వైపు రొయ్యల గుంటల మీదకు అర్ధరాత్రీ తెల్లవారుజామూ బండి మీద వెళ్తుంటారు. గట్ల మీద దారి కనబడక రెండు 20 వాట్ల ఎల్ఈడీ ఫాగ్ లైట్లు కొన్నారు. మొదటి మెకానిక్ వాటిని హెడ్‌లైటు వైరుకే కలిపాడు. అప్పటి నుంచి హెడ్‌లైటు మందగించింది, బండి ఐడిల్‌లో ఉంటే కొత్త లైట్లు రెపరెపలాడుతున్నాయి. రెండో మెకానిక్ అదంతా ఊడదీసి, హ్యాండిల్ మీద ఒక స్విచ్చు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చాడు. లైట్లు బాగా వెలిగాయి కానీ స్విచ్చు వేడెక్కుతోంది, పైగా ఒక రాత్రి ఆపడం మరిచిపోయి గుంట దగ్గరే బండి చచ్చిపోయింది. ఇప్పుడు ఎలా చేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఒంగోలులో 20 ఏళ్లకు పైగా ఆటో ఎలక్ట్రికల్ పనిలో ఉన్నాను. నా దృష్టిలో మీ దగ్గర పని చేసిన ఇద్దరూ చెరి సగం సరిగ్గానే చేశారు. బండి తాళంచెవి తీసేస్తే లైటు ఆగిపోవాలన్న ఆలోచన మొదటివాడిది. లైటుకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచే రావాలన్న ఆలోచన రెండోవాడిది. ఈ రెండూ ఒకే వైరు మీద సాధ్యం కావు. లైట్లను వెలిగించే కరెంటుకు ఒక దారి, వెలగమని చెప్పే కరెంటుకు మరొక దారి వేరువేరుగా ఉండాలి, ఆ రెండింటినీ కలిపేది రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే చిన్న స్విచ్చు డబ్బా. రిలే వైరింగ్ బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది, పావుగంటలో అర్థమవుతుంది. అయినా మన తీరంలో నా దగ్గరకు వచ్చే బండ్లలో చాలావాటికి బొమ్మ సరిగ్గానే ఉంటుంది, చెడేది జాయింట్లూ వైరు వెళ్లిన దారీ. అందుకే వాటి గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. రెండు లైట్లు కలిపి 40 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే సుమారు 3.3 ఆంపియర్లు. ఇది పెద్ద కరెంటు కాదు, కానీ హ్యాండిల్ మీద పెట్టే చవక స్విచ్చులోని సన్నటి రేకు పాయింట్లకు చిన్నదీ కాదు. ఆ పాయింట్లలో తేమ చేరి అర ఓము అడ్డు ఏర్పడిందనుకోండి, అక్కడే ఒకటిన్నర వోల్టుకు పైగా పోతుంది, ఐదు వాట్లకు పైగా వేడి పుడుతుంది. మీ వేలికి తగిలిన వేడి అదే. మీ బ్యాటరీ 9 ఆంపియర్ అవర్లది అన్నారు కాబట్టి, ఇంజిను ఆపి లైట్లు వదిలేస్తే లెక్క ప్రకారం మూడు గంటల లోపే ఖాళీ అవుతుంది. సెల్ఫ్ మోటారు తిరగకుండా పోవడానికి ఆ బ్యాటరీ పూర్తిగా ఖాళీ కానక్కరలేదు కూడా, గంటన్నర చాలు.

హెడ్‌లైటు వైరు సంగతి ఇంకొకటి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. మన దగ్గర తిరిగే చిన్న బండ్లలో చాలాకాలం హెడ్‌లైటుకు బ్యాటరీతో సంబంధమే ఉండేది కాదు. ఇంజిను తిరుగుతుంటే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) నేరుగా బల్బుకు వెళ్లేది. 2017 ఏప్రిల్ నుంచి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగి ఉండాలన్న నిబంధన వచ్చాక కూడా కొన్ని బండ్లలో ఆ పద్ధతే కొనసాగింది. ఇంజిను ఆపగానే హెడ్‌లైటు ఆరిపోయి, ఐడిల్‌లో మందంగా ఉండి, రైజ్ చేస్తే ప్రకాశం పెరుగుతూ ఉంటే అది ఏసీ అని అనుమానించాలి. అలాంటి వైరుకు ఎల్ఈడీ కలిపితే రెపరెపలాడక ఏమవుతుంది? రిలే కాయిల్ కలిపినా అంతే, లోపలి పాయింట్లు టకటకా కొట్టుకుని కొద్ది రోజుల్లోనే కాలిపోతాయి. అందుచేత హెడ్‌లైటు వైరును దేనికీ వాడకండి. ముందు అక్కడ వేసిన జాయింటును విప్పి, ఒలిచిన చోటును సరిగ్గా మూసేయండి.

ఇక రిలే. కార్లలో వాడే మామూలు 12 వోల్టుల రిలే చాలు. దాని కింద కాళ్ల పక్కన అంకెలు చెక్కి ఉంటాయి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే వైరు, 87కి లైట్లకు వెళ్లే వైరు, 86కి స్విచ్చు నుంచి వచ్చే వైరు, 85కి ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ వైపు). స్విచ్చు నొక్కితే 86 నుంచి 85కు కాయిల్ గుండా 0.15 నుంచి 0.2 ఆంపియర్ల వరకు మాత్రమే ప్రవహిస్తుంది. ఆ కొద్ది కరెంటుతో కాయిల్ అయస్కాంతమై 30ని 87కి అతికిస్తుంది. మీ హ్యాండిల్ స్విచ్చు మోయవలసినది ఈ 0.2 మాత్రమే కాబట్టి అది ఇక వేడెక్కదు. రిలే లోపల డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ఉందని పైన గుర్తు కనిపిస్తే 86, 85లను తారుమారు చేయకండి, డయోడ్ కాలిపోతుంది. నాలుగు కాళ్ల రిలేనే అడిగి తీసుకోండి. ఐదు కాళ్లదే దొరికితే మధ్యలోది 87ఎ అయితే దానికి ఏదీ కలపకూడదు. స్విచ్చు ఆపి ఉన్నప్పుడు కరెంటు ఉండేది దాని మీదే. స్విచ్చు ఆపితే వెలిగి, వేస్తే ఆరిపోయే లైట్లతో ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చి ‘బండికి ఏదో పట్టింది’ అన్నాడు. పట్టింది 87ఎ.

ఫ్యూజు విషయంలో నా తప్పే చెప్తాను. పని నేర్చుకుంటున్న తొలి రోజుల్లో ఒక బండికి ఫ్యూజును లైటు దగ్గర, చేతికి అందేలా ముందు భాగంలో పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరును ట్యాంకు కింద నుంచి లాగాను. చూడటానికి అందంగానే ఉంది. రెండు నెలల తర్వాత ట్యాంకు బ్రాకెట్ అంచు రాసుకుని వైరు తోలు ఊడిపోయి ఫ్రేముకు తగిలింది. ఫ్యూజు ఆ చోటు దాటిన తర్వాత ఉంది కాబట్టి అది చూస్తూ ఊరుకుంది. బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ వైరులో మండింది. పెట్రోలు ట్యాంకు కింద పొగ రావడం చూసిన ఆ బండి యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. బ్యాటరీ కేబుల్ చేత్తో పీకి ఆపాం. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. కాబట్టి అది బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపే ఉండాలి, ఆ జానెడు వైరు మీద కూడా అదనంగా ఒక స్లీవ్ ఉండాలి. మీ 40 వాట్లకు 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు సరిపోతుంది, అది లేత గోధుమ రంగులో ఉంటుంది. అది పోతుంటే కారణం వెతకాలి కానీ ఎర్రటి 10ని, నీలం 15ని వేసి నోరు మూయించకూడదు. వైరు 1 చదరపు మిల్లీమీటరుది తీసుకోండి, అంగడిలో 14/0.3 అంటే అదే, 0.3 మిల్లీమీటర్ల పోగులు 14 ఉంటాయి. రానూ పోనూ నాలుగు మీటర్లు పడినా పావు వోల్టు కూడా పోదు.

స్విచ్చు ద్వారా రిలేకు ఆజ్ఞ ఇచ్చే కరెంటును తాళం ఆన్ చేస్తేనే బతికే వైరు నుంచి తీసుకోవాలి. నేను ఎక్కువగా వాడేది ముందు బ్రేకు లీవరు దగ్గరి స్విచ్చుకు వచ్చే వైరు. అక్కడ రెండు వైర్లుంటాయి. తాళం ఆన్ చేసి లీవరు వదిలి ఉంచినప్పుడు మల్టీమీటరులో 12 వోల్టులు చూపించేది ఒకటే, రెండోది లీవరు నొక్కితేనే బతుకుతుంది. మొదటిది మనకు కావలసినది. తాళం తీసేశాక అది సున్నా అవుతుందో లేదో తప్పక చూడండి, రంగును నమ్మి ఊరుకోకండి. ఒక కంపెనీ రంగు ఇంకో కంపెనీకి వర్తించదు, ఒకే కంపెనీలో మోడల్ మారితే కూడా మారుతుంది. అక్కడి నుంచి మీ స్విచ్చుకు, స్విచ్చు నుంచి రిలే 86కి వైరు వెళ్తుంది. అర చదరపు మిల్లీమీటరు వైరు చాలు. ఆ వైరు మొదట్లోనే ఒక 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. అది అనవసరమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. బ్రేకు లైటు, హారన్, కొన్ని బండ్లలో ఇగ్నిషన్ కూడా ఒకే కంపెనీ ఫ్యూజు మీద ఉంటాయి. మీరు కొత్తగా వేసిన వైరు ఎక్కడో నలిగి ఎర్త్ అయితే ఆ ఫ్యూజు పోయి నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. చిన్న ఫ్యూజు ఉంటే మీ ఫాగ్ లైట్లు మాత్రమే ఆరిపోతాయి.

మీది 2018 మోడల్, కార్బురేటరు బండి. ఇది చదివే మరెవరికైనా 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బండి ఉంటే ఇంకొంచెం జాగ్రత్త అవసరం. వాటిలో చాలావాటికి ఇంజెక్టరు, సెన్సర్లు, ఇంజినును నడిపే చిన్న కంప్యూటరు (ఈసీయూ) ఉంటాయి. సీటు కిందో ట్యాంకు కిందో కనిపించిన సన్నటి వైరును టెస్ట్ ల్యాంపుతో పొడిచి చూసే అలవాటు అక్కడ పనికిరాదు. టెస్ట్ ల్యాంపులోని బల్బు లాగే కరెంటు సెన్సరు వైరుకు చాలా ఎక్కువ. మల్టీమీటరుతోనే చూడాలి, బ్రేకు స్విచ్చు దాటి ఎక్కడా చేయి పెట్టకూడదు.

ఇప్పుడు జాయింట్లు. కొత్తపట్నం నుంచి వచ్చిన ఒక బండికి ఇదే పని ఎవరో చేసి ఏడాది కాలేదు. లైట్లు ఒకరోజు వెలుగుతాయి, ఒకరోజు వెలగవు. జాయింటు మీద నల్ల టేపు నిగనిగలాడుతూ చక్కగా చుట్టి ఉంది. బ్లేడుతో చీరి చూస్తే లోపల రాగి పచ్చటి చిలుము పట్టి పొడిపొడిగా రాలింది. అంతటితో ఆగలేదు, ఆ చిలుము వైరు తోలు లోపలికి అంగుళంన్నర దాకా పాకింది, ఎందుకంటే పోగుల మధ్య సందుల్లోకి తేమ దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, మీ గుంటల దగ్గర ఏరేటర్లు కొట్టే తుంపర్లలో ఇంకా ఉంటుంది. పైగా రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగలడం మాట ఎలా ఉన్నా, సీటు కింద టేపు జిగురు మాత్రం కచ్చితంగా కరిగి జారుతుంది. అక్టోబరులో వానలు మొదలయ్యేసరికి ఆ జాయింటు నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంటుంది.

కాబట్టి మెలితిప్పి టేపు చుట్టే పని వద్దు. వైరును గిల్లి పట్టే నీలం క్లిప్పులు కూడా వద్దు, అవి పోగులను కొన్ని కోసేసి మిగిలినవాటిని గాలికి వదులుతాయి. రిలే కాళ్లకు, ఎర్త్‌కు లగ్గులు, అంటే వైరు చివర బిగించే రేకు కొసలు, వాడండి. వైరు తోలు ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే ఒలవండి. లగ్గుకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టాలి, వెనుక జత తోలును పట్టాలి. ఈ వెనుక జతను చాలామంది కటింగ్ ప్లేయరుతో ఊరికే నొక్కి వదిలేస్తారు, కానీ బండి అదురును మోసేది అదే. క్రింపింగ్ ప్లేయరుతో రెండు జతలనూ వేరువేరుగా బిగించి, వైరు పట్టుకుని గట్టిగా లాగండి. ఊడిరాకపోతే జాయింటు బాగున్నట్టు. సోల్డరింగ్ మంచిది కాదా అని అడుగుతారు. ఇంట్లో రేడియోకు మంచిదే. బండిలో సీసం పాకిన చోట వైరు కడ్డీలా బిగుసుకుపోయి, ఆ అంచు దగ్గరే అదురుకు విరుగుతుంది. క్రింప్ చేసిన తర్వాత లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించి వేడి చేయండి. రెండు చివర్ల నుంచి జిగురు కొద్దిగా బయటకు ఉబికి కనిపిస్తే నీరు లోపలికి వెళ్లదు. బ్రేకు స్విచ్చు దగ్గర వైరు కోయనక్కరలేదు. అక్కడ లగ్గులే ఉంటాయి కాబట్టి ఒకటి మీద ఒకటి ఎక్కే రెండు నోళ్ల లగ్గు దొరుకుతుంది, అది వేస్తే రేపు తీసేసినా బండి వైరింగ్‌కు గాటు ఉండదు. రిలేను సీటు కింద కాళ్లు నేలవైపు ఉండేలా బిగించండి, పైకి ఉంటే వాన నీరు అందులో కొలువుంటుంది.

వైరు వెళ్లే దారిలో కష్టమైనది హ్యాండిల్ మెడ. మిగతా బండి అంతా కదలని చోటు, ఇది మాత్రం రోజుకు వందల సార్లు తిరుగుతుంది. హ్యాండిల్‌ను పూర్తిగా కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, ఏ వైపున వైరు ఎక్కువ పొడవు అడుగుతుందో చూసి, ఆ పొడవు మీద మరో రెండు వేళ్ల వదులు ఇవ్వండి. కంపెనీ వైరింగ్ మెడ చుట్టూ ఏ దారిలో వెళ్లిందో ఆ దారిలోనే మీ వైరునూ పంపండి, వాళ్లు ఆ దారిని లక్షల బండ్ల మీద చూసి పెట్టారు. వైరును కట్టే ప్లాస్టిక్ ట్యాగులను వైరు జారేంత వదులుగా కట్టండి. యాక్సిలరేటరు కేబుల్‌కు మాత్రం దేన్నీ కట్టకండి. దానికి కట్టిన ఒక బండి ఎడమకు తిప్పినప్పుడల్లా తనంతట తానే రైజ్ అయ్యేది, మలుపులో అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

ఎర్త్‌ను ఫ్రేము బోల్టుకు వేస్తే పెయింటు గీకాలి, గీకితే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. మీ ప్రాంతానికి లైట్ల ఎర్త్‌నూ రిలే 85 ఎర్త్‌నూ బ్యాటరీ నెగటివ్‌కే తెచ్చుకోవడం మేలు. పని మొదలుపెట్టే ముందు నెగటివ్ కేబుల్ ముందు విప్పండి, చివరలో దాన్నే చివరగా బిగించండి. నెగటివ్ ఉండగా పాజిటివ్ బోల్టు విప్పుతూ స్పానర్ ఫ్రేముకు తగిలిస్తే ఏమవుతుందో ఒకసారి చూసినవారు మళ్లీ మరవరు.

అంతా కలిపాక ఇంజిను ఆపి, తాళం ఆన్ చేసి స్విచ్చు నొక్కితే రిలే ఒక్కసారి ‘టిక్’ అనాలి. తాళం తీస్తే, స్విచ్చు వేసే ఉన్నా, మళ్లీ ‘టిక్’ అని లైట్లు ఆరిపోవాలి. ఆ రాత్రి మీకు జరిగినది ఇక జరగదు. తర్వాత ఇంజిను వేసి, లైట్లు వెలిగించి, హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు నిదానంగా తిప్పండి, మధ్యలో ఎక్కడైనా లైటు కన్ను కొడితే ఆ చోట వైరు లాగుతోంది. చివరగా బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టి, ఇంజినును మామూలుగా రోడ్డు మీద నడిచే వేగానికి రైజ్ చేసి, ఫాగ్ లైట్లు వెలుగుతుండగా చూడండి. 13.5 వోల్టులు, ఆపైన ఉంటే మ్యాగ్నెట్ కాయిల్ ఈ అదనపు బరువును మోస్తున్నట్టే. 13 కిందకు జారితే బండి తన సంపాదన చాలక బ్యాటరీ దాచుకున్నది తింటోంది. అప్పుడు లైట్ల వాట్లు తగ్గించుకోవాలి, పెద్ద బ్యాటరీ వేస్తే తీరే కొరత కాదు. ఐడిల్‌లో కొంత తగ్గడం మామూలే.

మొబైల్ ఛార్జరు కూడా పెట్టాలని ఉంది అన్నారు. దాన్ని కూడా ఇదే పద్ధతిలో, తాళంతో పాటు ఆగిపోయేలా కలపండి. అయితే ఫాగ్ లైట్ల స్విచ్చుతో ముడిపెట్టకుండా రెండో రిలే వేసి, దానికి వేరే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫోను పెట్టకపోయినా ఛార్జరు లోపలి సర్క్యూట్ 20 మిల్లీ ఆంపియర్ల వరకు లాగగలదు. చిన్నదిగానే అనిపిస్తుంది, కానీ అది రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. నేరుగా బ్యాటరీకి కలిపి పది రోజులు ఊరెళ్లి వస్తే 9లో సగానికి పైగా పోయినట్టు.

లైట్లను హెడ్‌లైటు కంటే కిందుగా, నేల వైపు వంచి బిగించండి. బండిని గోడకు ఎదురుగా పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, మీరు ఎక్కి కూర్చుని చూసినప్పుడు గోడ మీద వెలుగు పై అంచు ఆ లైట్ల ఎత్తు కంటే కొంచెం కిందే పడాలి. గుంట గట్టుకు అంతే కావాలి. జాతీయ రహదారి ఎక్కగానే స్విచ్చు ఆపేయండి, ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు కళ్లలో కొట్టి మీరు సాధించేది ఏమీ ఉండదు.

వారం రోజులు తిరిగాక ఒక రాత్రి గుంట దగ్గర ఆగినప్పుడు, అరగంటకు పైగా లైట్లు వెలిగి ఉన్న తర్వాత, సీటు ఎత్తి ఫ్యూజు హోల్డరును, రిలే అడుగున 30, 87 లగ్గులను వేలితో తాకి చూడండి. రిలే ఒళ్లు గోరువెచ్చగా ఉంటుంది, అది కాయిల్ వేడి, భయం లేదు. హోల్డరో లగ్గో చురుక్కుమంటే ఆ ఒక్క జాయింటు వదులుగా ఉంది. టేపు చుట్టకుండా లగ్గు కోసేసి, కొత్త రాగి ఒలిచి, కొత్త లగ్గు వేయండి.